ఒంటారియోలో కమ్యూనిటీ సెంటర్‌ను వాడుకోవడం: కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలకు

ఆ భవనం పక్కనుంచి మేము దాదాపు ఏడాదిన్నర పాటు రోజూ బస్సులో వెళ్లాము. ఎర్ర ఇటుకల గోడలు, పెద్ద పెద్ద అద్దాలు, ముందు విశాలమైన పార్కింగు స్థలం. మన ఊళ్లలో క్లబ్బు అంటే సభ్యత్వం, దానికి ఒక పెద్దమనిషి సిఫారసు, లోపల పేకాట బల్లలు అన్న ఊహే మనసులో పాతుకుపోయి ఉండడం వల్ల, అది కూడా డబ్బున్నవారి వ్యవహారమే అనుకుని ఎన్నడూ లోపలికి తొంగి చూడలేదు. ఒక జనవరి సాయంత్రం బస్సు రావడం ఆలస్యమై, చలికి తట్టుకోలేక, చంటిపిల్లతో కాసేపు నీడన నిలబడదామని వెళ్లినప్పుడు తెలిసింది, అది నగరపాలక సంస్థ నడిపే కమ్యూనిటీ సెంటర్ అని, లోపలికి రావడానికి ఎవరి అనుమతీ అక్కరలేదని. కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాలు మా మాదిరిగా ఏడాదిన్నర పోగొట్టుకోకుండా ఉండాలన్న ఉద్దేశంతో, మేము కొంత అడిగి, కొంత దెబ్బతిని తెలుసుకున్న సంగతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

టొరంటో, మిసిసాగా, బ్రాంప్టన్ వంటి ప్రతి నగరానికీ ఇటువంటి కేంద్రాలు అనేకం ఉంటాయి. ఒక్క టొరంటోలోనే వందకు పైగా ఉన్నాయి. వీటి ఖర్చులో కొంత భాగం మనం చెల్లించే రుసుముల నుంచి, మిగిలినది ప్రధానంగా ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ఇల్లు కొనుక్కోలేదు కాబట్టి మనకు సంబంధం లేదనుకోనవసరం లేదు, ఎందుకంటే యజమాని కట్టే ఆ పన్ను మన అద్దెలో కలిసే ఉంటుంది. 1967లో ఈ దేశానికి నూరేళ్లు నిండిన సందర్భంగా ఊరూరా ఎరీనాలు (మంచు మైదానం ఉండే భవనాలు), హాళ్లు కట్టారు. అందుకే ఏ నగరంలో చూసినా 'సెంటెనియల్' (శతవార్షికం) పేరుతో ఏదో ఒక భవనం కనిపిస్తుంది. సాధారణంగా ఒక కేంద్రంలో వ్యాయామశాల, బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్‌లకు పనికొచ్చే పెద్ద జిమ్నేషియం, సమావేశపు గదులు ఉంటాయి. కొన్నింటిలో ఈత కొలను, కొన్నింటిలో మంచు మైదానం, కొన్నింటిలో నడకదారి, ఒక్కొక్క చోట గ్రంథాలయం కూడా అదే కప్పు కింద ఉంటాయి. అన్నీ ఒకే చోట దొరకకపోవచ్చు కనుక ఇంటికి దగ్గరలో ఉన్నదానికే పరిమితం కావద్దు. మీ నగరంలోని ఏ కేంద్రాన్నైనా మీరు వాడుకోవచ్చు. వైఎంసీఏ వేరే సంస్థ. అది సేవాసంస్థే గాని నగరపాలక సంస్థది కాదు, దాని సభ్యత్వం, తరగతులు వేరు.

మొదటి పనిగా ఒక రోజు తీరికగా వెళ్లి ముందు బల్ల దగ్గర కూర్చున్న సిబ్బందితో మాట్లాడండి. కొత్తగా వచ్చామని, లోపల ఒకసారి చూపిస్తారా అని అడిగితే సంతోషంగా చూపిస్తారు. అడగకపోతే మాత్రం ఎవరూ పిలిచి చెప్పరు. అక్కడ మీకు తెలియవలసిన ముఖ్యమైన తేడా ఒక్కటే. కేంద్రంలో జరిగే ప్రతి కార్యక్రమమూ 'డ్రాప్-ఇన్' గాని, 'రిజిస్టర్డ్' గాని అయి ఉంటుంది. డ్రాప్-ఇన్ అంటే నిర్ణీత వేళకు వెళ్లి, రుసుము ఉంటే చెల్లించి, ఆ గంటో రెండు గంటలో ఆడుకుని వచ్చేయడం. అందరికీ తెరిచి ఉంచే ఈత, స్కేటింగు, బ్యాడ్మింటన్ ఈ కోవలోకి వస్తాయి. రిజిస్టర్డ్ అంటే వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాల పాటు ఒకే గురువు దగ్గర నేర్చుకునే తరగతి. పిల్లల ఈత పాఠాలు, జిమ్నాస్టిక్స్, చిత్రలేఖనం, సెలవుల శిబిరాలు ఇందులో చేరతాయి. మొదటిదానికి పెద్దగా ముందస్తు ఏర్పాటు అవసరం లేదు. రెండోదానికి మాత్రం ముందుచూపు కావాలి.

రిజిస్ట్రేషన్ రోజు

శీతకాలం, వసంతం, వేసవి, శరత్తు అని ఏడాదికి నాలుగు విడతలుగా తరగతులు నడుస్తాయి. ప్రతి విడతకూ కొన్ని వారాల ముందే రిజిస్ట్రేషన్ తేదీని ప్రకటిస్తారు. టొరంటోలో ఆ రోజు ఉదయం 7 గంటలకు ఆన్‌లైన్‌లో ద్వారం తెరుచుకుంటుంది. శనివారం ఉదయపు ఈత తరగతుల వంటివి కొద్ది నిమిషాల్లోనే నిండిపోతాయి. తిరుమల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజున కంప్యూటరు ముందు కూర్చున్న అనుభవం ఉన్నవారికి ఈ హడావుడి కొత్తగా అనిపించదు. మా మొదటి ప్రయత్నంలో నేను సరిగ్గా 7 గంటలకే లాగిన్ అయ్యాను గాని, అప్పటికి మా పిల్ల పేరు ఖాతాలో చేర్చలేదు. ఆమె పుట్టిన తేదీ, అత్యవసర సంప్రదింపు వివరాలు నింపేసరికి మేము కోరుకున్న తరగతి నిండిపోయింది. తప్పు పూర్తిగా నాదే.

కాబట్టి రిజిస్ట్రేషన్‌కు కనీసం రెండు వారాల ముందే ఖాతా తెరిచి, కుటుంబసభ్యులందరి పేర్లూ పుట్టిన తేదీలతో సహా చేర్చి, చిరునామా రుజువు అడిగితే దాన్ని కూడా సమర్పించి ఉంచండి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్సు వంటి వాటిలో ఏది చెల్లుతుందో ముందు బల్ల దగ్గర అడిగితే చెబుతారు. చాలా నగరాల్లో స్థానికులకు ముందు అవకాశం ఇచ్చి, కొన్ని రోజుల తర్వాతే పొరుగు ఊరివారిని అనుమతిస్తారు, వారి వద్ద అదనపు రుసుము తీసుకునే నగరాలూ ఉన్నాయి. కనుక మిసిసాగాలో ఉండి బ్రాంప్టన్ తరగతి కోసం ప్రయత్నించేవారు ఈ సంగతి చూసుకోవాలి. ప్రతి తరగతికీ ఒక కోడ్ నంబరు ఉంటుంది. మీకు నచ్చిన తరగతిది, అది దొరకకపోతే రెండోదిది, మూడోదిది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో తల్లి ఒక పిల్లకు, తండ్రి ఇంకొకరికి వేరువేరు ఫోన్లలో ప్రయత్నించడం సబబే గాని, ఇద్దరూ కలిసి ఒకే పిల్లను రెండు చోట్ల చేర్చి తర్వాత ఒకటి రద్దు చేసుకోవడం మర్యాద కాదు. రద్దుకు చాలాచోట్ల కొంత రుసుము కోసుకుంటారు కూడా.

తరగతి నిండిపోయి కనిపించినా నిరాశపడి వదిలేయకుండా వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టండి, దానికి ముందుగా డబ్బు కట్టనక్కరలేదు. మొదటి వారం ఒకరిద్దరు మానేయడం దాదాపు ప్రతి తరగతిలోనూ జరుగుతుంది. మా పిల్లకు ఈత తరగతి దొరికింది అలాగే. అయితే ఖాళీ వచ్చినట్టు ఈమెయిల్ అందిన తర్వాత ఒప్పుకోవడానికి ఇచ్చే వ్యవధి చాలా తక్కువ కాబట్టి, ఆ రోజుల్లో మెయిల్ తరచూ చూసుకుంటూ ఉండాలి. ఇంకో మాట: శనివారం ఉదయం కోసమే అందరూ పోటీపడతారు. మంగళవారం సాయంత్రమో, ఆదివారం మధ్యాహ్నమో అయితే అదే గురువు, అదే పాఠం, సగం మంది పిల్లలు.

ఈత

కమ్యూనిటీ సెంటర్‌లో ఒకే ఒక్కటి నేర్పించగలిగితే ఏది నేర్పించాలని ఎవరైనా అడిగితే, నేను సందేహం లేకుండా ఈత అంటాను. ఒంటారియోలో చెరువులు, సరస్సులు లెక్కలేనన్ని. వేసవి వచ్చిందంటే మనవాళ్లందరూ కుటుంబాలతో సరస్సు ఒడ్డుకే వెళ్తారు. పిల్లలే కాదు, బావులూ కాలువలూ దగ్గరలో లేని పట్టణాల్లో పెరిగిన పెద్దలకు కూడా ఈత రాకపోవడం మనలో మామూలే. నీటి ప్రమాదాల నివారణకు పనిచేసే ఇక్కడి లైఫ్‌సేవింగ్ సొసైటీ 'స్విమ్ టు సర్వైవ్' పేరుతో ఒక కనీస ప్రమాణాన్ని నిర్ణయించింది. లోతు నీటిలోకి దొర్లి పడి పైకి తేలాలి, ఒక నిమిషం పాటు ఉన్నచోటనే తేలుతూ ఉండాలి, ఆ తర్వాత 50 మీటర్లు ఏ విధంగానైనా ఈదాలి. అకస్మాత్తుగా నీటిలో పడిన మనిషి ఒడ్డుకు చేరడానికి కావలసింది ఈ మూడే. మీ పిల్ల ఏ స్థాయిలో ఉందో తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ మూడూ వచ్చాయా లేదా చూడండి.

ఒకప్పుడు ఈత పాఠాలకు రెడ్‌క్రాస్ పేరు ప్రసిద్ధం. 2022లో ఆ సంస్థ ఈత శిక్షణ నుంచి తప్పుకోవడంతో ఇప్పుడు చాలా నగరాలు లైఫ్‌సేవింగ్ సొసైటీ వారి 'స్విమ్ ఫర్ లైఫ్' పాఠక్రమాన్నే అనుసరిస్తున్నాయి. అందులో చంటిపిల్లలు తల్లితోనో తండ్రితోనో కలిసి నీటిలోకి దిగే 'పేరెంట్ అండ్ టాట్', బడి ఈడు రాని పిల్లలకు 'ప్రీస్కూల్' 1 నుంచి 5, ఆ పైవారికి 'స్విమ్మర్' 1 నుంచి 6 అనే స్థాయిలు ఉంటాయి. ఆ తర్వాత రూకీ, రేంజర్, స్టార్ అనే 'ప్యాట్రోల్' స్థాయిలు వస్తాయి. ఏ స్థాయిలో చేర్చాలో తెలియనప్పుడు ఊహించి చేర్చవద్దు. కొలను సిబ్బంది పిల్లను చూసి స్థాయి చెప్పే ఏర్పాటు చాలా కేంద్రాల్లో ఉంటుంది. ఒకే స్థాయిని రెండు మూడు సార్లు చదవడం ఇక్కడ ఎంతో మామూలు. బడిలో తప్పినట్టుగా భావించి పిల్లను మందలించవద్దు. పెద్దల కోసం ప్రత్యేకంగా తరగతులు ఉంటాయి. నలభై ఏళ్ల వయసులో నాతో పాటు మొదటి మెట్టు మీద నిలబడి నీటిలో బుడగలు ఊదినవారిలో మన వాళ్లే ఇద్దరు ఉన్నారు.

ఇక పద్ధతుల సంగతి. కొలనులోకి దిగే ముందు ప్రతివారూ గోరువెచ్చని నీటితో, సబ్బుతో స్నానం చేయాలన్నది ఒంటారియో ప్రభుత్వ నిబంధన; గోడ మీది బోర్డులో అది రాసి ఉంటుంది. ఆదివారం తలకు నూనె పెట్టుకునే అలవాటు ఉన్న ఇళ్లవారు దీన్ని మరింత శ్రద్ధగా గమనించాలి. కొబ్బరినూనె తలతో, పసుపు కాళ్లతో కొలనులోకి దిగితే నీటి మీద తెట్టు కడుతుంది, పక్కనున్నవారు ఏమీ అనకపోయినా జరుగుతారు. నూనె రోజును ఈత రోజు నుంచి వేరు చేసుకుంటే సరిపోతుంది. మామూలు నూలు బనీన్లు, నిక్కర్లు, చుడీదార్లు పనికిరావు, ఈత దుస్తులు ఉండాలి. అయితే ఈత దుస్తులు అనగానే చాలామంది మన మహిళలు వెనకాడతారు. మోకాళ్లు, మోచేతులు, కావాలంటే తల కూడా కప్పే ఈత దుస్తులు క్రీడా సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి, వాటిని వేసుకునేవారు ప్రతి కొలనులోనూ కనిపిస్తారు. ఈత గుడ్డతోనే నేసినవై, లోపల మామూలు లోదుస్తులు లేకపోతే చాలు. అనేక కేంద్రాలు వారంలో కొన్ని గంటలు స్త్రీలకు మాత్రమే కేటాయిస్తాయి, వేళల పట్టికలో ఆ సమయాలను వెతకండి. డైపరు ఇంకా మానని చంటిపిల్లలకు ఈత డైపరు తప్పనిసరి. మామూలు డైపరు నీటిలో ఉబ్బి విడిపోతుంది, ఆ తర్వాత కొలనును మూసి శుద్ధి చేసేదాకా అందరూ ఒడ్డున కూర్చోవలసి వస్తుంది.

బట్టలు మార్చుకునే గదిలో ఇక్కడివారు మన వారంత మొహమాటపడరు. మొదటిసారి వెళ్లినవారు తత్తరపడి తలుపు దగ్గరే ఆగిపోవడం నేను చూశాను. స్నానపు గది తెర వెనక మార్చుకోవచ్చు, లేదా 'ఫ్యామిలీ చేంజ్ రూమ్' అని రాసి ఉన్న వైపు వెళితే ఒక్కొక్క కుటుంబానికి తలుపున్న చిన్న గది దొరుకుతుంది. తండ్రి కూతురిని, తల్లి ఎదిగిన కొడుకును తీసుకువచ్చినప్పుడు ఆ గదినే వాడాలి. అక్కడ ఫోను తీయడం, అది వీడియో కాల్ అయినా సరే, పూర్తిగా నిషిద్ధం. అమెరికాలో ఉన్న పెదనాన్నకు మనవడి ఈత దుస్తులు చూపించాలన్న ముచ్చట ఉంటే ఇంటి దగ్గరే తీర్చుకోవాలి. లాకరుకు తాళం మనమే తెచ్చుకోవాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న లావుపాటి తాళంకప్ప ఆ సన్నని కొక్కేనికి పట్టదు. అంకెలు తిప్పే చిన్న తాళం ఒకటి కొనుక్కుంటే తాళంచెవి దాచుకునే బెడద కూడా ఉండదు.

తరగతి కాకుండా ఊరికే నీటిలో ఆడుకునే వేళను 'లీజర్ స్విమ్' అంటారు, ఆగకుండా ఈదుకునేవారి కోసం తాళ్లు కట్టి విడదీసిన వేళను 'లేన్ స్విమ్' అంటారు. రెండోదానిలో నెమ్మదిగా, మధ్యస్థంగా, వేగంగా ఈదేవారికి వేరువేరు వరుసలు ఉంటాయి. ఒకే వరుసలో నలుగురైదుగురు ఉన్నప్పుడు గుండ్రంగా ఒకే దిశలో ఈదుతారు, కాబట్టి మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకోకూడదు. పిల్లల విషయంలో ఒంటారియోలోని చాలా కొలనులు పదేళ్లలోపువారిని తోడు లేకుండా రానివ్వవు. మరీ చిన్నపిల్లలయితే పెద్దవారు కూడా నీటిలోకి దిగి చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి. ఒడ్డున బల్ల మీద కూర్చుని కేకలు వేస్తే చాలదు. ఒక్కొక్కరు ఎంతమంది పిల్లలను చూసుకోవచ్చో కూడా లెక్క ఉంటుంది, అది ఊరిని బట్టి మారుతుంది గనుక పుట్టినరోజుకు పదిమంది పిల్లలను వెంటబెట్టుకు వెళ్లే ముందు కనుక్కోండి. లోతు వైపు వెళ్లాలనుకునే పిల్లలకు, కొలను దగ్గర కాపలా ఉండే లైఫ్‌గార్డు చిన్న పరీక్ష పెట్టి చేతికి పట్టీ కడతారు. లైఫ్‌గార్డు పదిహేడేళ్ల కుర్రవాడే అయినా అతని ఈల అక్కడ శాసనం.

ఆ కుర్రవాడి గురించి ఒక ముక్క చెప్పాలి. పదమూడేళ్లు నిండిన పిల్లలు బ్రాంజ్ మెడాలియన్, దాని తర్వాత బ్రాంజ్ క్రాస్ అనే ప్రాణరక్షణ కోర్సులు, ప్రథమ చికిత్స శిక్షణ పూర్తి చేసి, పదిహేనేళ్లకు నేషనల్ లైఫ్‌గార్డ్ అర్హత సంపాదించవచ్చు. హైస్కూలు పిల్లలకు దొరికే గౌరవప్రదమైన మొదటి ఉద్యోగాల్లో ఇది ఒకటి. ట్యూషన్లు అడ్డు వస్తాయని స్విమ్మర్ 4 దగ్గరే మాన్పించే తల్లిదండ్రులు ఈ లెక్క కూడా వేసుకుంటే బాగుంటుంది.

మంచు మీద, కోర్టు మీద

స్కేటింగు నేర్చుకోవాలనుకునేవారు ముందు బూట్ల విషయంలో జాగ్రత్తపడాలి. దుకాణంలో కొన్న కొత్త స్కేట్ల అంచుకు పదును ఉండదు. మొదటిసారి వాడే ముందే పదును పెట్టించాలి, లేకపోతే ఎంత నేర్పు ఉన్నా కాలు జారుతూనే ఉంటుంది, పిల్లలు తమకు చేతకాదనుకుని ఏడుస్తారు. స్కేటు సైజు సాధారణంగా మామూలు బూటు సైజు కంటే ఒకటి తక్కువగా ఉంటుంది. చలి కదా అని బొంత సాక్సులు వేస్తే చీలమండ లోపల ఊగుతుంది, పలుచని సాక్సులే మేలు. చిన్నపిల్లలకు సీఎస్ఏ (కెనడా భద్రతా ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్న హాకీ హెల్మెట్ వేయించండి, తరగతుల్లో అది తప్పనిసరిగా అడుగుతారు. సైకిలు హెల్మెట్ వెనక తలను కాపాడదు. స్కేటింగు వేళ మధ్యలో జాంబోనీ అనే బండి మంచును నునుపు చేయడానికి వస్తుంది. అది పూర్తిగా బయటికి వెళ్లి తలుపు మూసేవరకు మంచు మీద అడుగు పెట్టకూడదు. టొరంటోలో నేథన్ ఫిలిప్స్ స్క్వేర్ వంటి బహిరంగ మైదానాల్లో స్కేటింగు ఉచితం. స్కేట్లు అద్దెకు తీసుకుంటే దానికి మాత్రం డబ్బు.

బ్యాడ్మింటన్ గురించి మన వారికి నేను చెప్పవలసింది తక్కువ. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచిన నాటి నుంచి మన ఇళ్లలో రాకెట్ లేనివారు అరుదు, శుక్రవారం సాయంత్రం ఏ జిమ్నేషియంకు వెళ్లినా నాలుగు కోర్టుల్లో ఒకదానిలో తెలుగు వినిపిస్తుంది. అయితే డ్రాప్-ఇన్ వేళ అంటే స్నేహితులు నలుగురు కలిసి ఒక కోర్టును సాయంత్రమంతా ఆక్రమించుకోవడం కాదు. బయట ఎదురుచూస్తున్నవారు ఉంటే ఒక ఆట ముగియగానే దిగిపోయి, మళ్లీ వరుసలో నిలబడాలి. ఒంటరిగా వచ్చినవారిని కలుపుకోవాలి. నేల మీద మరక పడని అడుగు ఉన్న బూట్లు విడిగా సంచిలో తెచ్చుకోవాలి. ఉప్పు, మంచు అంటిన చలికాలపు బూట్లతో జిమ్నేషియంలోకి రానివ్వరు. కొన్నిచోట్ల డ్రాప్-ఇన్‌కు కూడా ముందురోజే ఆన్‌లైన్‌లో చోటు కేటాయించుకోవలసి ఉంటుంది, బయలుదేరే ముందు చూసుకోండి.

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు

సూపర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు ఒకసారికి ఐదేళ్ల వరకు ఉండవచ్చు. అంటే కొన్ని చలికాలాలు వారికి తప్పకపోవచ్చు. తెల్లవారుజామున కాలువగట్టు మీద నడిచే అలవాటున్న మనిషిని నవంబరు నుంచి మార్చి వరకు అపార్టుమెంటులో కూర్చోబెడితే మోకాళ్లతో పాటు మనసు కూడా బిగుసుకుపోతుంది. నడకదారి ఉన్న కేంద్రం దగ్గరలో ఉంటే వారికి అంతకు మించిన వరం లేదు. కోర్టుల పైన బాల్కనీలాగా చుట్టూ వేసిన ఆ దారిలో మంచు లేదు, జారడం లేదు. చాలాచోట్ల రుసుము నామమాత్రం, కొన్నిచోట్ల అసలే లేదు. మా అమ్మ అక్కడ చీర మీదే నడిచేది. బూట్లు వేసుకోవడానికి ఒప్పించడానికే మాకు రెండు వారాలు పట్టింది. ఏ రోజు ఏ దిశలో నడవాలో గోడ మీద బాణం గుర్తు ఉంటుంది, వేగంగా వెళ్లేవారికి ఒక పక్క వదలాలి. ఇవి మొదటి రోజు పక్కనుండి చూపిస్తే చాలు, రెండో వారానికి వారే పంజాబీ, గుజరాతీ పెద్దలతో సైగలతో స్నేహం చేసుకుంటారు. వయోవృద్ధుల కోసం ప్రత్యేకంగా కుర్చీ వ్యాయామం, యోగా, క్యారమ్స్, చీట్లాట ఉంటాయి. సందర్శకులుగా వచ్చినవారిని చేర్చుకునే నియమం కేంద్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి వారి పాస్‌పోర్టు, మీ చిరునామా రుజువు వెంట తీసుకువెళ్లి అడగండి.

సెలవుల శిబిరాలు

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో జూన్ నెలాఖరున బడులు మూసేస్తున్నారంటే గుండెల్లో రాయి పడుతుంది. ఇక్కడ అమ్మమ్మ ఊరు లేదు. జూలై, ఆగస్టు నెలల్లో నగరాలు నడిపే పగటి శిబిరాలే దిక్కు. వాటి రిజిస్ట్రేషన్ చలి ఇంకా వదలని రోజుల్లోనే జరిగిపోతుంది. మే నెలలో గుర్తుకు వచ్చినవారికి మిగిలేది ఊరి చివరి కేంద్రమే. మార్చి మధ్యలో వచ్చే వారం సెలవులకు, ఉపాధ్యాయుల శిక్షణ కోసం ఏటా ఏడు వరకు వచ్చే పీఏ డేలకు కూడా ఇవే శిబిరాలు ఉంటాయి. శిబిరం వేళ సాధారణంగా మన ఆఫీసు వేళ కంటే చిన్నది. ముందు, వెనక గంటల కోసం విడిగా డబ్బు కట్టి చేర్చుకోవాలి. పిల్లను ఎవరు తీసుకువెళ్తారో ముందుగానే రాసి ఇవ్వాలి, వారు ఫోటో గుర్తింపు చూపాలి. సిబ్బంది రోజూ చూసే పక్కింటి ఆంటీకి కూడా జాబితాలో పేరు లేకపోతే పిల్లను అప్పగించరు.

భోజనం డబ్బా విషయంలో మన వారు తెలియక చేసే పొరపాటు ఒకటి ఉంది. శిబిరాల్లో వేరుశెనగ, జీడిపప్పు, బాదం వంటివి నిషేధం, ఎందుకంటే ఆ పదార్థాలు కొద్దిగా తగిలినా ప్రాణం మీదికి వచ్చే పిల్లలు ఉండవచ్చునని అందరూ జాగ్రత్తపడతారు. కాబట్టి ఇడ్లీతో పల్లీ చట్నీ, పులిహోరలో వేయించిన వేరుశెనగలు, కరివేపాకు పొడిలో కలిపిన పల్లీలు ఏవీ పంపకూడదు. నువ్వులు కూడా ఇక్కడ ముఖ్యమైన అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నాయి, నువ్వుల పొడి విషయం అడిగి తెలుసుకోండి. పెరుగన్నం, పల్లీలు కలపని టమాటా పచ్చడితో దోసె, వేరుశెనగలు తీసేసిన నిమ్మకాయ పులిహోర నిక్షేపంగా పంపవచ్చు. మీ పిల్లకే ఏదైనా అలర్జీ ఉంటే దరఖాస్తులో రాసి, మందును పేరుతో సహా సిబ్బంది చేతికే ఇవ్వాలి.

పన్నుల సంగతి. తల్లిదండ్రులు ఉద్యోగానికి వెళ్లడానికి వీలుగా పిల్లలను చూసుకునే పగటి శిబిరాల ఖర్చును శిశుసంరక్షణ వ్యయంగా టీ778 ఫారంలో చూపించవచ్చు. ఏడేళ్లలోపు పిల్లకు ఏడాదికి 8,000 డాలర్లు, ఆ పైన పదహారేళ్ల వరకు 5,000 డాలర్లు గరిష్ఠ పరిమితి. సాధారణంగా భార్యాభర్తల్లో ఆదాయం తక్కువ ఉన్నవారు దీన్ని చూపించాలి. అందుకని రశీదులు పారేయవద్దు. వారానికి అరగంట ఈత తరగతి మాత్రం ఇందులోకి రాదు. పిల్లల క్రీడల రుసుముకు కేంద్ర ప్రభుత్వ పన్ను రాయితీ ఉందని పాతకాపులు ఎవరైనా చెబితే, అది ఒకప్పటి మాట, 2017 నుంచి లేదు.

డబ్బు ఇబ్బందిగా ఉంటే

కొత్తగా వచ్చి, ఒక్కరి జీతం మీదో, తాత్కాలిక ఉద్యోగం మీదో నెట్టుకొస్తున్న కుటుంబాలు రుసుము చూసి వెనుదిరగవద్దు. తక్కువ ఆదాయం ఉన్న నివాసుల కోసం టొరంటోలో 'వెల్కమ్ పాలసీ', మిసిసాగాలో 'యాక్టివ్ అసిస్ట్' అనే పథకాలు ఉన్నాయి. ఆదాయ పత్రాలతో దరఖాస్తు చేస్తే పరిశీలించి, తరగతుల కోసం మీ ఖాతాలో కొంత మొత్తం జమ చేయడమో, రుసుము తగ్గించడమో చేస్తారు. పరిశీలనకు కొన్ని వారాలు పడుతుంది గనుక రిజిస్ట్రేషన్ దాకా ఆగకుండా దరఖాస్తు చేయాలి. టొరంటోలో కొన్ని కేంద్రాలను 'ఫ్రీ సెంటర్' అంటారు, వాటిలో కార్యక్రమాలకు ఆదాయం రుజువు అడగకుండానే రుసుము ఉండదు. మన వాళ్లు కొందరు ఇటువంటి సాయం అడగడం నామోషీ అనుకుంటారు. వాడుకోవడానికి పెట్టిన పథకాన్ని అర్హులు వాడుకోవడంలో నామోషీ ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హైస్కూలు పిల్లలున్న ఇళ్లకు ఇంకో ఉపయోగం ఉంది. ఒంటారియోలో హైస్కూలు పట్టా రావాలంటే 40 గంటల సమాజసేవ పూర్తి చేయాలి. శిబిరాల్లో చిన్నపిల్లలను చూసుకోవడానికి, ఈత తరగతుల్లో సహాయకులుగా ఉండడానికి కేంద్రాలు స్వచ్ఛంద సేవకులను తీసుకుంటాయి. తొమ్మిదో తరగతిలో చేరబోయే ముందు వేసవి నుంచే ఆ గంటలు లెక్కకు వస్తాయి.

హాలు అద్దెకు తీసుకోవడం

పుట్టినరోజు, సీమంతం, సంక్రాంతి, బతుకమ్మ వంటి వేడుకలకు కేంద్రంలోని గదులు, హాళ్లు బ్యాంక్వెట్ హాళ్ల కంటే ఎంతో చవకగా దొరుకుతాయి. దీనికి 'పర్మిట్' తీసుకోవాలి. అద్దె గంటలు లెక్క వేసేటప్పుడు ముస్తాబుకు ముందు ఒక గంట, ఊడ్చి సర్దడానికి వెనక ఒక గంట కలుపుకోండి, ఎందుకంటే పర్మిట్‌లో రాసిన నిమిషానికి తలుపు తెరుస్తారు, రాసిన నిమిషానికి ఖాళీ చేయమంటారు. మన వేడుకలు ఆహ్వానంలో రాసిన వేళకు ఎన్నడూ మొదలుకావు కనుక ఈ లెక్క మరీ అవసరం. బాధ్యతా బీమా తప్పనిసరి, చాలా చోట్ల 20 లక్షల డాలర్ల పాలసీ అడుగుతారు. ఒక్క రోజు కోసం దాన్ని పర్మిట్‌తో పాటే కొనుక్కునే వీలు తరచుగా ఉంటుంది. పాటలు పెడితే సంగీత హక్కుల రుసుము వేరుగా పడుతుంది, 2019 నుంచి దాన్ని ఎన్‌టాండెమ్ అనే సంస్థ వసూలు చేస్తోంది.

అన్నింటికంటే ముఖ్యంగా దీపం సంగతి ముందే మాట్లాడుకోవాలి. అగ్నిమాపక నిబంధనల వల్ల గదిలో నిప్పు వెలిగించడానికి సాధారణంగా ఒప్పుకోరు. చెప్పకుండా హారతి కర్పూరం వెలిగిస్తే పొగ పసిగట్టే యంత్రం మోగి, భవనమంతా ఖాళీ చేయించి, ఫైరింజను వస్తుంది. ఆ తర్వాత బిల్లు కూడా వస్తుంది. బ్యాటరీ దీపాలు పెట్టుకుని, అసలు దీపారాధన ఇంట్లో చేసుకు రావడమే చాలామంది ఆచరిస్తున్న మార్గం. జిమ్నేషియం చెక్కనేల మీద ముగ్గు వేయకూడదు. గుడ్డ మీదో, అట్టల మీదో వేసి పరుచుకోవచ్చు. బతుకమ్మ పూలు నేల మీద నలిగి మరకలు పడకుండా కింద తివాచీ వేయండి. వంటగది ఉన్నా అందులో వండనిస్తారా, వేడి చేసుకోవడానికి మాత్రమేనా అన్నది పర్మిట్‌లో చూసుకోవాలి.

ఇంటి నుంచి బయలుదేరే ముందు ఆ రోజు వేళల పట్టిక ఒకసారి చూడండి. ప్రభుత్వ సెలవు రోజుల్లో వేళలు మారతాయి, ఈత పోటీల కోసం కొలను, హాకీ పోటీల కోసం ఎరీనా సామాన్యులకు మూసి ఉండే రోజులు ఉంటాయి, ఏడాదికొకసారి నీరంతా తోడి శుభ్రం చేయడానికి కొలనును రెండు మూడు వారాలు మూసేస్తారు. ముగ్గురు పిల్లలకు ఈత దుస్తులు తొడిగి, పైన చలికోట్లు వేసి, మంచులో కారు తీసి, తీరా అక్కడికి వెళ్లాక తలుపు మీద అంటించిన కాగితం చదివి వెనక్కి రావడం మాకు ఒకసారి జరిగింది. అప్పటి నుంచి వేళల పట్టిక చూశాకే సంచి సర్దుతున్నాము.